రెండంతస్తుల బస్సు

హైదరాబాదులోని బస్ భవనమునందు 1932 నాటి ఆల్బియన్ బస్సొకటి ప్రదర్శనకై నిలుపబడినది. స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున ఆల్బియన్ వారి కర్మాగారము. చూడబోయినవారు దాని పనితనమును మెచ్చుకొందురు. నిజాముగారి వైభవమును దలచుకొందురు. అందెవరెక్కిరి, ఎవరి ప్రక్క నెవరు కూర్చుండిరి అని యడిగినవారిని నేను చూడలేదు.

ఆ సంవత్సరము జూన్ 15వ తేదిని నిజాము రైల్వేశాఖ 27 బస్సులతోడను, 166 మంది ఉద్యోగులతోడను రోడ్డురవాణా నారంభించెను. 1951లో ఆ శాఖ రైల్వేనుండి వేరయ్యెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థ యేర్పడెను. జంటనగరములవారు నేటికిని ముచ్చటగా జెప్పుకొను రెండంతస్తుల బస్సులు చిరకాలము ఈ సంస్థ చేతిలోనే నడచినవి. సికిందరాబాదు స్టేషనునుండి అఫ్జల్‌గంజి మీదుగా జంతుప్రదర్శనశాలకు బోవు 7-జెడ్ అందు ప్రసిద్ధము.

మా గుంటూరు సీమనుండి రైలులో బోవువారికి స్టేషను వెలుపల మొదట గనబడు వింత యదియే. పత్తి బోరెములు ఇంటికప్పంత యెత్తున గట్టిన బండ్లు ఊగుచు బోవుట చూచి పెరిగిన మాకు, మనుష్యులను గూడ నట్లే పేర్చి పరుగెత్తించుట చూడగా మొదట భయము కలిగెను. పదేండ్లు నిండని నేను మా తాతగారితో నెక్కితిని. ఆయన ఆచారపరులు. క్రిందియంతస్తున గూర్చుండి, పైకప్పువైపు చూచి, “మన నెత్తిమీద ఎవరు కూర్చున్నారో!” అనిరి. కండక్టరు టిక్కెట్టు చింపుచు, “పైన జాగ ఉన్నది తాతా, మీరే ఎక్కుండ్రి” అనెను. పరిహాసముగా ననెనో, ఉపకారబుద్ధితో ననెనో నాకిప్పటికిని దెలియదు. తాతగారు లేచి, నా చేయి పట్టుకొని, ఆ యిరుకు మెట్లెక్కిరి.

అప్పటికి మా యూర కొన్ని యరుగులపై కొందరు కూర్చుండరాదు. బస్సులోనన్ననో, పై క్రిందులు ముందెక్కినవానినిబట్టి యేర్పడెడివి, పుట్టుకనుబట్టి కాదు. ఇది స్వల్పవిషయమని యెంచువారు మా సీమలోని చుండూరును దలచుకొందురు గాక. సినిమాహాలులో కాలు తగిలెనన్న కలహము ముదిరి, 1991 ఆగస్టు 6న అచట దళితులు వధింపబడిరి. సంస్కర్తల యుపన్యాసములు సాధింపలేనిదానిని బస్సు టిక్కెట్టు సాధించెనని నేను చెప్పను. ఆనాడు బస వద్దకు జేరగానే తాతగారు స్నానము చేసిరి. అయినను హుస్సేనుసాగరమును పైనుండి చూచితినని ఆయన ఊరందరికిని జెప్పిరి, స్నానముమాట చెప్పలేదు.

యంత్రనిర్మాణమునందును పై క్రిందుల విచారము గలదు. ఇంచుమించు పదునాలుగడుగుల యెత్తుగల బండి యొరగకుండుటకు ఇంజను, చట్రము, ఇరుసులు మొదలగు బరువంతయు నేలకు దగ్గరగా నుండవలెను. ఆంగ్లదేశమున పైయంతస్తుపై జనుల బరువునకు సరిపడు బరువుంచి, బండిని ఒక ప్రక్కకు 28 డిగ్రీలు వంచి పరీక్షించు పద్ధతి యేర్పడినది. మనదేశమున 1967లో అశోక్ లేలాండువారు టైటన్ అను పేర నిట్టి బండ్లను జేయ నారంభించిరి. డ్రైవరునకు మేడపై నేమి జరుగుచున్నదో కనబడదు. గంటయే అతనికి కన్ను: ఒకటి కొట్టిన నాగుట, రెండు కొట్టిన సాగుట. కుదుపులలో చిల్లర జారకుండ మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చుట యొక విద్య.

నగరమున పైవంతెనలు లేచిన పిదప ఎత్తు బండ్లకు దారి యిరుకయ్యెను. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అవి వీథులనుండి తొలగినవి. 2020 నవంబరులో ఒక నగరవాసి వాటిని మరల నడుపుడని కోరగా, నాటి మంత్రి తారకరామారావుగారు ఆబిడ్సులోని తమ పాఠశాలకు బోవు దినములలో వాటిని జూచిన సంగతి స్మరించిరి. 2023 ఫిబ్రవరిలో విద్యుచ్ఛక్తితో నడచు క్రొత్తబండ్లు మూడు వచ్చినవి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 15న, 1937నుండి ఇట్టి బస్సులెరిగిన బొంబాయి తన కడపటి డీజిలు మేడబస్సును సాగనంపెను. రెండింటినైనను ప్రదర్శనశాలయం దుంచుడని అచటి ప్రయాణికులు కోరిరి. ఆ కోరిక మెచ్చదగినది. కాని రేకునకు రంగు వేసి, త్రుప్పు గీకి, టైర్లు క్రుంగకుండ దిమ్మెలపై నిలిపినంతమాత్రమున బస్సు దక్కునా? గంటకొట్టిన చేతులు ముదిసిపోవుచున్నవి. వారి మాటలు వ్రాసికొనుటకు ప్రదర్శనశాల కట్టువరకు ఆగనక్కరలేదు.

గడచిన వేసవిలో అట్టి వృద్ధు నొకనిని కలిసికొంటిని. జ్ఞాపకమున్నదేమని యడుగగా, మేడపై ముందుసీటుకొరకు పిల్లలు ప్రతిదినము పోట్లాడెడివారనియు, విడదీయబోయిన తనకు ఎవరి పిల్లలెవరో ఎన్నడును దెలిసెడిది కాదనియు అతడు చెప్పెను.