తవుడులో పోయిన సత్త్వం

నిద్ర సరిగా పట్టడం లేదని నోరు జారి అన్నందుకు మా వీధి మందుల దుకాణం కుర్రవాడు ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "రోజుకొకటి వేసుకోండి మాస్టారూ! నరాలకు బలం, నిద్రకు మంచిది, మనసు కూడా హుషారుగా ఉంటుంది" అన్నాడు. ఒకప్పుడు నా తరగతిలో యగణానికీ రగణానికీ తేడా చెప్పలేక బెంచీ ఎక్కినవాడే. ఇప్పుడు వాడు చెప్పగా నేను వినవలసిన రోజులు వచ్చినవి. ఇంటికి చేరి, కళ్ళజోడు సవరించుకొని సీసా మీది చీమతలకాయంత అక్షరాలు చదివాను. జాబితాలో మొదటి పేరు థయమిన్, అనగా బి1 విటమిన్. ఆ పేరు చూడగానే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఎందుకో చివర మనవి చేస్తాను. ఈ టపాలో ముందుగా చెప్పవలసిన చరిత్ర కొంత ఉన్నది.

బి1 లోపించినందువల్ల వచ్చే వ్యాధి బెరిబెరి. ఆ మాట సింహళం నుండి వచ్చిందనీ, 'చేతకాదు, చేతకాదు' అని దాని భావమనీ చెబుతారు. మొదట ఆకలి మందగిస్తుంది, నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. పిదప కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారుతాయి, నడక తడబడుతుంది. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోతుంది. ఇది ఎక్కడో జపానుకో, జావాకో చెందిన వ్యాధి అని నేను చిరకాలం అనుకొన్నాను. మద్రాసు ప్రభుత్వ సేవలో ఉండిన జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ అనే వైద్యుడు 1835లోనే దీనిపై ఒక గ్రంథం ప్రకటించాడని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. ఆయన వర్ణించిన రోగులు ఉత్తర సర్కారుల వారు, అంటే మన కోస్తా వారు! తీరాన్ని ఆనుకొని వ్యాధి మెండు, లోపలి భూములలో అరుదు. కారణం ఏమిటో ఆయనకు అంతు చిక్కలేదు. అప్పటికి ఎవరికీ చిక్కలేదు.

చిక్కుముడి విప్పినవారు చాలామంది. జపాను నౌకాదళ వైద్యుడు తకాకి చూసిన లెక్క ఘోరమైనది. 1882–83లో దూరయాత్ర చేసిన ఒక శిక్షణ నౌకలో 376 మంది ఉండగా 169 మందికి బెరిబెరి సోకింది, 25 మంది మరణించారు. 1884లో అదే దారిలో మరొక నౌకను పంపుతూ ఆయన ఆహారం మార్పించాడు. ఈసారి ఒక్కరూ చావలేదు. తకాకి చెప్పిన కారణం తప్పు, చేసిన చికిత్స ఒప్పు. వైద్యంలో ఇటువంటి అదృష్టాలు ఉంటాయి కాబోలు!

జావాలో డచ్చి వైద్యుడు ఐక్మన్ కథ మరీ విచిత్రం. ప్రయోగానికి పెంచిన కోళ్ళకు బెరిబెరి వంటి వాతం వచ్చింది. కొన్నాళ్ళకు దానంతట అదే పోయింది. ఆరా తీయగా తేలినదేమంటే, అంతకు ముందు వాటికి సైనిక వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లన్నం పెట్టేవారట. కొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నం సామాన్యపు కోళ్ళకు పెట్టడమేమిటని నిరాకరించాడట. ముడిబియ్యం తిన్న కోళ్ళు లేచి తిరిగాయి. ఆ వంటవాని పేరు చరిత్ర దాచుకోలేదు. ఐక్మన్‌కు మాత్రం 1929లో నోబెల్ బహుమానంలో సగం దక్కింది.

1912లో ఫంక్ అనే పోలిష్ శాస్త్రవేత్త ఈ ద్రవ్యాలకు ప్రాణాధారమైన అమైన్లు అనే అర్థంలో 'విటమైన్' అని పేరు పెట్టాడు. అన్నీ అమైన్లు కావని తేలాక 1920లో దాని తోక కత్తిరించి 'విటమిన్' చేశారు. మనవారు 'జీవసత్త్వం' అన్నారు. సత్త్వమంటే సారమూ, బలమూ రెండూను. పండితుని పక్షపాతం అనుకోండి, నాకు మన మాటే సార్థకంగా తోస్తుంది.

మనకు సంబంధించిన మెలిక మలయాలో బయటపడింది. అక్కడ గనులలో పనిచేసిన చీనావారు మరపట్టిన తెల్లబియ్యం తిని బెరిబెరితో పోతుండగా, పక్కనే తోటలలోని తమిళ కూలీలకు ఆ వ్యాధి దాదాపు లేదు. వారు తిన్నది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరిలో ఉడికించి, ఎండబెట్టినప్పుడు పైపొరలలోని సత్త్వం గింజ లోపలికి దిగుతుంది. ఆ తరువాత మరలో వేసినా అంతగా పోదు. మన కోస్తావారు తినేది పచ్చిబియ్యం. ఉప్పుడు బియ్యం వాసన మనకు గిట్టదు. గోదావరి జిల్లాల మిల్లులలో వండిన ఉప్పుడు బియ్యం కేరళకు బండ్లెక్కి పోతుంది గాని మన విస్తట్లో పడదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చాలాకాలం ప్రచురించిన పట్టికలో నూరు గ్రాముల బియ్యానికి బి1 లెక్క ఇలా ఉండేది. పచ్చి దంపుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాములు, మరపట్టిన ఉప్పుడు బియ్యంలో అదే 0.21, మరపట్టిన పచ్చిబియ్యంలో 0.06. అనగా రోజుకు అరకిలో తెల్లబియ్యం తిన్నవానికి దక్కేది 0.3. అది కూడా నాలుగైదు నీళ్ళు కడగకుండా, గంజి వార్చకుండా వండితేనే. మనిషికి కావలసినది ఒక మిల్లీగ్రాముకు పైమాటే. పప్పూ కూరా పుష్కలంగా ఉన్న ఇంట ఈ లోటు తీరుతుంది. అన్నమూ పచ్చడి మెతుకులే గతి అయిన ఇంట తీరదు.

అయితే నేరమంతా మరమీద మోపడం తగదు. మాల్కమ్సన్ కాలానికి మన పల్లెలలో మరలు ఎక్కడివి? మల్లెపూవు వంటి అన్నం మీది మోజు మరకంటె పాతదని నాకు తోస్తుంది. కలిగినవారి ఇళ్ళలో రెండేసి మూడేసి సార్లు దంపించి, చెరిగి, కడిగి వండేవారు. పైగా రోకలి పోటు ఎవరి భుజాల మీద పడిందో మరచి దంపుడు బియ్యాన్ని పొగిడేవారంటే నాకు గిట్టదు. మా అమ్మ తెల్లవారుజామున లేచి దంచిన మనిషి. ఊరికి మర వచ్చిన రోజున రోకలిని మూలకు ఆనించి, "నీకూ నాకూ రుణం తీరింది" అన్నదట. ఆ మాటలోని సుఖాన్ని ఏ పట్టికా కొలవలేదు.

ఇక నెల్లూరి ముచ్చట. యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కూర్చిన సంగతి మిత్రులందరికీ తెలిసినదే. బి1ను కూర్చినవాడు కూడా తెలుగు నేల మీదనే కళ్ళు తెరిచాడని మీలో ఎందరికి తెలుసు? రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు పుట్టాడు. యౌవనంలో మనీలాలో ఉద్యోగం చేస్తుండగా 1910లో వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడు కషాయం ఇచ్చి, ఇందులో ఉన్న మందు ఏమిటో తేల్చమన్నాడు. చావుకు దగ్గరైన చంటిపిల్లల నోట ఆ కషాయం చుక్కలు వేస్తే కొన్ని గంటలలో తేరుకొనేవారు. విలియమ్స్ ఆ ప్రశ్నను వదలలేదు. టెలిఫోను సంస్థ ప్రయోగశాలలో కొలువు చేసుకొంటూ, తీరిక వేళలలో టన్నుల కొద్దీ తవుడును వడగట్టి, 1936లో బి1 నిర్మాణాన్ని తేల్చి, దానిని కృత్రిమంగా కూర్చాడు. ఇరవై ఆరేళ్ళ పట్టుదల! ఆయన తమ్ముడు రోజర్ ఉదకమండలంలో పుట్టాడు. బి5 విటమిన్‌ను కనుగొన్నది అతడే.

పైన చెప్పిన పోషకాహార సంస్థకు మూలం కూడా ఈ వ్యాధే. 1918లో మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరులో ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి విచారణ విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. కూనూరులో ఉన్నప్పుడే అక్కడి ఐక్రాయిడ్, కృష్ణన్ అనే పరిశోధకులు మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలోని శిశుమరణాలపై 1941లో ఒక పత్రం ప్రకటించారు. తల్లి ఆహారంలో బి1 లేకపోతే పాలలోనూ ఉండదు. అటువంటి పాలు తాగిన బిడ్డ, చూపులకు బొద్దుగా ఉంటూనే, రెండవ నెలకూ అయిదవ నెలకూ నడుమ హఠాత్తుగా పోతుంది.

నా సీసా సంగతి తేల్చేస్తాను. ఒక్కొక్క మాత్రలో పది మిల్లీగ్రాముల బి1, అనగా దాదాపు అయిదు కిలోల దంపుడు బియ్యపు సత్త్వం. లోటు లేని ఒంటికి అంత అక్కరలేదు. మిగిలినది మూత్రంలో పోతుంది. సారాయికి బానిసైనవారికీ, విడవకుండా వాంతులయ్యేవారికీ ఇది ప్రాణం నిలిపే మందే. వైద్యుని అడిగితే, పప్పూ ఆకుకూరా తినే నాకు దానితో పని లేదన్నాడు. రాత్రి ఎనిమిదింటికి తాగే కాఫీ మానమన్నాడు. మానలేదు.

మా నాయనమ్మ కోనసీమలో కలిగిన ఇంటి కోడలు. తొమ్మిదిమందిని కన్నది, ఆరుగురు దక్కారు. పోయిన ముగ్గురూ మగపిల్లలు, ముగ్గురూ మూడవ నాలుగవ నెలల్లోనే. బాలింతకు పథ్యమని ఆమెకు పెట్టినది తెల్లటి అన్నం, నెయ్యి, కారప్పొడి. బాలగ్రహమన్నారు, తాయెత్తులు కట్టారు. "నోరు తెరిచి ఏడిచేవాడురా, గొంతు మాత్రం పైకి వచ్చేది కాదు" అని ఆమె చెప్పగా చిన్నప్పుడు విన్నాను. వినబడని ఏడుపు శిశువుల బెరిబెరికి ఒక లక్షణమని పుస్తకంలో చదివినది నా యాభయ్యవ ఏట. అది అదేనని నేను నిరూపించలేను.

మా మూడవ పెదనాన్న పోయినది 1938లో. నెల్లూరి విలియమ్స్ బి1ను కూర్చి అప్పటికి రెండేళ్ళు. పెరట్లో గేదె ముందు కుడితి గాబులో కడుగునీళ్ళూ, గంజీ, తవుడూ నిండుగా ఉండేవట.