తలుపు బందులు తుప్పు పట్టాయా..? పాత రంగు గీకే ముందు ఇది తెలుసుకోండి!

పండగ వస్తోందంటే గోడలకు సున్నం, తలుపులకు రంగు మామూలే. కానీ బందులు, గడియలు, గొళ్లేల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తుప్పు మీదే బ్రష్ తిప్పేస్తారు. కొన్నాళ్లకే ఆ రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పు గాలి తగిలే ఊళ్లలో అయితే ఇంకా తొందరగా! సరిగ్గా చేస్తే పాత బందులే మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అయితే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి.

పాత రంగుతోనే అసలు ప్రమాదం

ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. సీసం ఇంత వరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను ఇది దెబ్బతీస్తుంది. గర్భిణులకూ మంచిది కాదు.

అందుకే పాత రంగును నీళ్లు తడిపి, వాటర్ పేపర్‌తోనే రుద్దాలి. ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. చివర్లో చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడవాలి. ఆ బట్టను కవర్లో కట్టి పారేయాలి.

ఇనుమా? ఇత్తడా?

అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల ఇనుమే. అతుక్కోకుండా, గీకిన చోట పసుపుగా మెరిస్తే ఇత్తడి కావొచ్చు. దానికి రంగెందుకు? చింతపండుతో తోమి, కడిగి, ఆరబెడితే చాలు.

విప్పేటప్పుడు..

మూడు బందులున్న తలుపైతే అన్నీ ఒకేసారి విప్పొద్దు. తలుపు తెరిచి, కింద చెక్క ముక్క ఆనించి ఒక్కో బందే తీయాలి. రెండే ఉంటే ఇద్దరు మనుషులు పట్టుకుని తలుపునే దించడం మేలు. స్క్రూ గాడిలో రంగు గడ్డకట్టి ఉంటే మేకు మొనతో తీసేయండి. లేదంటే స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతుంది.

రంగు ఇలా వేయాలి

* సబ్బు నీళ్లతో జిడ్డు పోయేలా కడగాలి. జిడ్డు మీద ఏ రంగూ నిలవదు.

* పాత రంగు తడిగా తీశాక, మిగిలిన తుప్పును 120 నంబర్ వాటర్ పేపర్‌తో, తర్వాత 220తో రుద్దాలి.

* వెంటనే పొడిబట్టతో తుడిచి ఎండలో ఆరబెట్టాలి. తడి ఇనుము గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. అందుకే అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసేయాలి.

* ప్రైమర్ రాత్రంతా ఆరాక ఎనామిల్ రంగు పల్చగా రెండు పూతలు వేయాలి. ఒక్కటే మందంగా వేస్తే కారిపోతుంది. రెండు పూతల మధ్య డబ్బా మీద రాసినంత సమయం ఆగాలి.

* బందు మధ్యలో ఉండే పిన్నుకు, అది తిరిగే గొట్టం లోపలికి రంగు తగలకూడదు. తలుపు బిగుసుకుపోయేది అక్కడే! ఆ చోట ఒక చుక్క మెషిన్ ఆయిల్ చాలు.

తొందరపడితే మొదటికే మోసం

చేతికి అంటకపోతే ఆరిపోయినట్టు కాదు. లోపల గట్టిపడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. కనీసం ఒక రోజు ఆగి బిగించి, తలుపును కొన్నాళ్లు మెల్లగా వాడాలి. వాన ముసురులో ఈ పని పెట్టుకోవద్దు. కిటికీలు తెరిచే రంగు వేయాలి. థిన్నర్, టర్పెంటైన్ డబ్బాలను పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచాలి.

ఇంత చేసినా ఇనుము పొరలుగా రాలుతున్నా, స్క్రూ రంధ్రాలు తినేసి ఉన్నా ఆ బందుకు రంగు దండగ. బరువైన తలుపు ఊడి మీద పడకముందే కొత్తది బిగించుకోవడమే మంచిది.