ఓడలెక్కిన ఎలుకలు, వాటి వెంట వైరస్

1951లో కొరియా యుద్ధం సాగుతుండగా 38వ అక్షాంశానికి సమీపంలో మోహరించిన ఐక్యరాజ్యసమితి సైనికులు కొందరు మొదట తీవ్ర జ్వరం, తర్వాత ఒంటిమీద రక్తపు మచ్చలు, ఆపైన మూత్రపిండాల వైఫల్యంతో మంచాన పడసాగారు. యుద్ధం ముగిసేనాటికి అలాంటివారి సంఖ్య 3,000 దాటింది. అంతకుముందే మంచూరియాలో జపాన్ సైనిక వైద్యులు, దూరప్రాచ్యంలో సోవియట్ వైద్యులు ఇదే జబ్బును వర్ణించి ఉన్నా, దానికి కారణమేమిటో తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది.

1976లో దాన్ని తేల్చిన కొరియా శాస్త్రవేత్త లీ హో వాంగ్ అనుసరించిన పద్ధతి వివరంగా చెప్పుకోదగ్గది. వీపు మీద నల్లచార ఉండే పొలం ఎలుకను పట్టి, దాని ఊపిరితిత్తులను గడ్డకట్టించి పలుచని పొరలుగా కోసి, వాటిపై కోలుకున్న రోగుల సీరం, అంటే కణాలను తీసివేయగా మిగిలిన రక్తద్రవం వేసేవారు. వైరస్‌ను ఎదుర్కొన్న శరీరం తయారుచేసిన యాంటీబాడీలు ఆ ద్రవంలో ఉంటాయి కాబట్టి, ఎలుక కణాల్లో అదే వైరస్ ఉంటే అవి వెళ్లి దాన్ని అంటుకుంటాయి. యాంటీబాడీలను పట్టుకుని వెలిగే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ చోట్లు మెరుస్తాయి. వైరస్ ఇంకా చేతికి చిక్కకుండానే, దాని ఆనవాలును రోగుల రక్తమే చూపించిందన్నమాట. దగ్గరి నది పేరిట దానికి హంటాన్ వైరస్ అనే పేరు, దాని జాతి మొత్తానికి హంటావైరస్‌లు అనే పేరు స్థిరపడ్డాయి. ఇవి సోకిన ఎలుకకు జబ్బు చేయదు. దాని మూత్రం, పెంటికలు, లాలాజలం ఎండి దుమ్ముగా లేచినప్పుడు, ఆ గాలి పీల్చిన మనిషికి చేస్తుంది.

పొలాలకూ సైనిక శిబిరాలకూ పరిమితమనుకున్న జబ్బు 1980 ప్రాంతంలో సోల్ నగరం నడిబొడ్డున ఒక అపార్టుమెంటు కాపలాదారులో కనిపించడంతో ఆ అంచనా తలకిందులైంది. నగరంలోని గోధుమరంగు పెద్ద ఎలుకలను పట్టి చూడగా వాటిలో హంటాన్‌కు దగ్గరి బంధువే అయినా వేరైన వైరస్ దొరికింది. సోల్ వైరస్‌గా పేరుపడిన దీనివల్ల వచ్చే జబ్బు హంటాన్ జబ్బు కన్నా తేలికైనది, కానీ దాని వాహకం మాత్రం ప్రపంచమంతా తిరిగినది. ఉత్తర చైనా, మంగోలియా ప్రాంతాల్లో పుట్టిందని భావించే ఈ ఎలుక 18వ శతాబ్దంలో ఐరోపా అంతటా వ్యాపించి, ఆ శతాబ్దంలోనే సరుకు ఓడలెక్కి అమెరికా రేవులకు చేరింది. ఎలుకలు ఒకదాన్నొకటి కరుచుకున్నప్పుడు అయ్యే గాయాల ద్వారా వాటి మధ్య వైరస్ సులువుగా పాకుతుంది కాబట్టి, ఇరుకైన ఓడ అడుగుభాగాలూ రేవు గోదాములూ దానికి అనువైన నెలవులయ్యాయి.

వైరస్‌ను గుర్తించాక వెనక్కి తిరిగి చూస్తే, పాత సంఘటనలు ఒకటొకటిగా అర్థమయ్యాయి. 1960ల్లో జపాన్‌లోని ఒసాకా రైల్వే స్టేషన్ పరిసరాల్లో కనిపించిన అంతుపట్టని జ్వరాలు దీనివేనని తేలింది. ప్రయోగాల కోసం పెంచే తెల్ల ఎలుకల ద్వారా పరిశోధనశాలల సిబ్బందికీ ఇది సోకింది. 1980ల నడుమ బాల్టిమోర్, ఫిలడెల్ఫియా వంటి అమెరికా రేవు నగరాల ఎలుకల్లోనూ ఇలాంటి వైరస్ బయటపడింది. ఇక్కడ చరిత్రకారుడు జాగ్రత్తగా ఉండాలి. ఒకచోట వైరస్ కొత్తగా కనిపించడం వేరు, కొత్తగా రావడం వేరు. మామూలు జ్వరంగానో కామెర్లుగానో మూత్రపిండాల జబ్బుగానో లెక్కలోకెక్కిన రోగుల్లో ఇది ఎంతకాలంగా దాగి ఉందో ఆసుపత్రి దస్తరాలు చెప్పలేవు. కాలక్రమాన్ని కొంతవరకైనా చెప్పగలిగేది వైరస్ జన్యుక్రమమే. చైనాలో దాని రకాలు ఎక్కువగా, ఇతర ఖండాల్లో తక్కువగా ఉండడం తూర్పు ఆసియా నుంచి వలసపోయిందన్న వాదానికి బలమిస్తుంది. ఆ వలస ఆగిపోలేదనడానికి 2017 నాటి ఉదంతమే సాక్ష్యం: ఆ ఏడాది అమెరికాలో ముద్దుకు పెంచుకునే ఎలుకల అమ్మకాల వెంట ఈ వైరస్ 11 రాష్ట్రాల్లో ఎలుకలకో మనుషులకో సోకినట్టు తేలింది.

ఈ వైరస్‌లకు ఆశ్రయమిచ్చేవి ఎలుకలేనన్న అంచనాకు అసలు పేచీ మాత్రం వేలూరు నుంచి వచ్చింది. చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోని ఆ పట్టణంలో, తొట్టపాళయం అనే చోట, 1964లో పట్టిన ఒక చుంచెలుక నుంచి శాస్త్రజ్ఞులు ఒక వైరస్‌ను వేరుచేశారు. రాత్రిపూట గోడవారగా కీచుమంటూ పరుగెత్తే, కంపుకొట్టే ఈ పొడుగు మూతి జీవిని జనం ఎలుకల్లోనే కలిపేస్తారు గానీ, ఇది పురుగులను తినే వేరే వర్గానికి చెందినది. హంటాన్ కన్నా పుష్కరం ముందే చేతికందినా, తొట్టపాళయం వైరస్ కూడా హంటావైరసేనని గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టింది. దాని పూర్తి జన్యుక్రమం 2007లో వెలువడింది. ఆపైన వివిధ ఖండాల చుంచుల్లో, నేలను తొలిచి బతికే మోల్ అనే జీవుల్లో, గబ్బిలాల్లో కూడా హంటావైరస్‌లు వరుసగా బయటపడ్డాయి. ఒక్కో వైరస్ ఒక్కో ఎలుక జాతితో కలిసి కోట్ల ఏళ్లుగా పరిణమించిందన్న పాత సిద్ధాంతం దీంతో సడలింది. ఇవి ఒక జీవి నుంచి మరో జీవికి పలుమార్లు దూకాయనీ, ఎలుకల్లోకి చుంచుల నుంచో గబ్బిలాల నుంచో తర్వాతే చేరి ఉండవచ్చనీ ఇప్పుడు పలువురు పరిశోధకులు వాదిస్తున్నారు.