బావుల మధ్య దారులు: దూరంతో తేలని లెక్క

ఒక బావిలో నీళ్లు ఎక్కిస్తే పక్క బావిలో చమురు కదులుతుందా? ఈ ప్రశ్నకు ఇంజనీర్లు చెప్పే చరిత్ర ఒకే బాటన నడుస్తుంది. 1935లో భూగర్భజలాల కోసం థైస్ ఇచ్చిన సమీకరణం, 1966లో ఒత్తిడి తరంగాల పరీక్ష, 2003లో అల్బెర్టోనీ, లేక్‌ల గణాంక పద్ధతి, ఆపైన కెపాసిటెన్స్-రెసిస్టెన్స్ నమూనాలు. ఎక్కించిన నీటినీ వచ్చిన దిగుబడినీ పోల్చి, ప్రతి బావుల జంటకూ ఒక అంకె కట్టడంతో ఆ కథ ముగుస్తుంది. మెట్లన్నీ నిజమైనవే. కానీ ఆ కథనంలో రాయికి దక్కిన చోటు బహుస్వల్పం.

టెక్సస్‌లోని స్ప్రాబెర్రీ క్షేత్రాన్నే తీసుకుందాం. అక్కడి ఇసుకరాయి బాగా బిగువు; చమురు ప్రధానంగా పగుళ్ల వెంటే నడుస్తుంది. ఎల్కిన్స్, స్కోవ్ 1960లో బావుల మధ్య ఒత్తిడి మార్పులను ఆధారం చేసుకుని ఆ పగుళ్ల దిక్కును తేల్చారు. ఒకే దూరంలో ఉన్నా, పగుళ్ల వరుసలో ఉన్న బావికి ప్రభావం త్వరగా అందుతుంది, అడ్డంగా ఉన్నదానికి ఆలస్యంగా అందుతుంది. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు అదే. అయితే దీన్ని అన్నిచోట్లకూ వర్తింపజేయకూడదు. గోదావరి డెల్టా ఇసుక పొరల్లో దూరపు లెక్క చాలావరకు పనికొస్తుంది. పగుళ్ల రాతిలో అదే లెక్క దారి తప్పిస్తుంది.

దిక్కు ఒక్కటే తెలిస్తే సరిపోదు. ఎక్కువ ఒత్తిడితో నీరెక్కిస్తే మూసుకున్న పగుళ్లు తెరుచుకుంటాయి, ఒత్తిడి తగ్గితే ముడుచుకుంటాయి. అంటే బావుల మధ్య సంబంధమే కాలంతో మారుతుంది. దీనికి బలమైన సాక్ష్యం మన దగ్గరే ఉంది. తెలంగాణలోని చౌటుప్పల్ పరిశోధనా క్షేత్రంలో గ్రానైటు మీద జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. నీటిమట్టం పైన ఉన్నంతకాలం శిథిలశిల అడుగునున్న పగుళ్ల ద్వారా బావులు కలిసే ఉంటాయి. మట్టం దిగిపోయాక జలాశయం ముక్కలుగా విడిపోతుంది. చమురు పొర వేరు, నీటి పొర వేరు, నిజమే. కానీ రెండుచోట్లా దారి తెరిచేదీ మూసేదీ పగుళ్లే.

ఆంధ్రప్రదేశ్‌లోని నర్సీపట్నం చుట్టూ ఉన్న ఖొండలైటు రాతికి చౌటుప్పల్ గ్రానైటు అంకెలను యథాతథంగా తెచ్చి అతికించలేం. పాఠం మాత్రం వర్తిస్తుంది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్లలోపు అనుమతి లేకుండా కొత్త బావి తవ్వకూడదని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) అంటుంది. అమలుకు అది సులువైన హద్దు, అసలు హద్దే లేకపోవడం కన్నా మేలు. కానీ పగుళ్లు మీటర్ల లెక్క చూసి సాగవు: హద్దు దాటిన బోరు తాగునీటి ఊటను లాగేయవచ్చు, హద్దులోపలి బోరు ఏ హానీ చేయకపోవచ్చు. ఏళ్ల తరబడి ఒకే అంకెను నమ్ముకునే చమురు నమూనాల లోపమూ ఇదే.

మన దగ్గర పనిముట్లకు కొదవ లేదు, కొలతలకే కరువు. బోరుకు అనుమతి ఇచ్చేముందు పంపు నడిపి పక్క బావుల మట్టం కొలవాలి. ఆ కొలత వేసవిలో ఒకసారి, వానలయ్యాక మరోసారి జరగాలి. ఒక్క రుతువులో తీసిన అంకెను శాశ్వత సత్యంగా రాసిపెట్టడం శాస్త్రం అనిపించుకోదు.