అయోడిన్ కొసన దొరికిన బంధం

అయోడిన్‌ను కనుగొని అప్పటికి మూడేళ్లే. 1814లో ఫ్రెంచి రసాయనవేత్త జె.జె. కోలిన్ పొడి అయోడిన్‌కు పొడి అమ్మోనియా వాయువును తగిలిస్తే, లోహంలా మెరిసే ద్రవం తయారైంది. 1863లో ఫ్రెడరిక్ గుత్రీ అలాంటి పదార్థంలో ఒక్కో అమ్మోనియా అణువుకు ఒక్కో అయోడిన్ అణువు ఉంటుందని రాశారు. ఆ రెండింటినీ పట్టి ఉంచుతున్నదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

అంతుపట్టకపోవడానికి కారణం ఉంది. అయోడిన్ లాంటి హాలోజన్లు ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కుంటాయని బడిపిల్లలకూ తెలుసు. అమ్మోనియాలోని నైట్రోజన్ మీద, అలాగే ఆక్సిజన్ మీద కూడా ఎలక్ట్రాన్ల జంటలు పోగుపడి ఉంటాయి. రుణావేశం ఉన్నవి రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకోవాలి కదా! ఈ లెక్క సగమే నిజం. ఆ మిగతా సగం తేలడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

తొలి గట్టి సాక్ష్యం నార్వే నుంచి వచ్చింది. 1954లో ఆడ్ హాసెల్, జె. వోస్లెఫ్‌లు బ్రోమిన్, ఆక్సిజన్ ఉన్న డయాక్సేన్ కలిసిన స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో పరిశీలించారు. ఆక్సిజన్‌కు, బ్రోమిన్‌కు మధ్య దూరం 2.71 ఆంగ్‌స్ట్రాములే. ఊరికే పక్కపక్కన ఉన్న పరమాణువులైతే అది సుమారు 3.35 ఉండాలి. పైగా డయాక్సేన్, బ్రోమిన్ అణువులు ఒకదాని తర్వాత ఒకటిగా అంతులేని గొలుసుగా సాగాయి. ఎవరూ పేర్చకుండానే అణువులు తమంతట తామే వరుస కట్టాయన్నమాట. హాసెల్‌కు 1969లో నోబెల్ బహుమతి వచ్చింది వేరే పనికి, అణువుల ఆకృతులపై చేసిన పరిశోధనకు. అయినా ఆయన నోబెల్ ప్రసంగానికి ఎంచుకున్నది ఈ స్ఫటికాలనే. వాటి విలువ ఆయనకు అందరికంటే ముందే తెలుసనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గెర్హార్డ్ ష్మిట్ స్ఫటికాలను కోరిన తీరులో నిర్మించే విద్యకు 'క్రిస్టల్ ఇంజనీరింగ్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. అణువుకు క్లోరిన్ తగిలిస్తే స్ఫటికంలో దాని అమరికే మారిపోతుందని ఆయన బృందం గమనించింది. ఎందుకలా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ ప్రశ్న హైదరాబాద్‌లో పదునెక్కింది. 1979లో సెంట్రల్ యూనివర్సిటీలో చేరిన గౌతమ్ ఆర్. దేశిరాజు, ఆర్. పార్థసారథితో కలిసి 1989లో ఒక పత్రం ప్రచురించారు. హాలోజన్ పరమాణువులు స్ఫటికాల్లో అంత దగ్గరగా రావడం నిజంగా ఆకర్షణ వల్లనా, లేక అవి పూర్తి గుండ్రంగా లేకపోవడం వల్ల కుదిరిన సర్దుబాటా? అప్పటికే తెలిసిన వందలాది స్ఫటిక నిర్మాణాలను జల్లెడ పట్టి, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌ల విషయంలో ఆకర్షణ ఉందని వారు వాదించారు. క్రిస్టల్ ఇంజనీరింగ్‌పై దేశిరాజు రాసిన పుస్తకం కూడా ఆ ఏడాదే వెలువడింది. 1995లో ఆయన 'సుప్రమాలిక్యులర్ సింథాన్' భావనను ముందుకు తెచ్చారు: అణువుల మధ్య పదేపదే కనిపించే అమరికలను గుర్తుపడితే, వాటితో స్ఫటికాన్ని ముందే ఊహించి కట్టవచ్చు.

ఇంతకీ ఆ మిగతా సగం ఏమిటి? కార్బన్‌తో బంధం కట్టిన అయోడిన్ చుట్టూ ఎలక్ట్రాన్లు సమంగా పరుచుకోవు. నడుము చుట్టూ వడ్డాణంలా దట్టంగా ఉంటాయి. బంధానికి సరిగ్గా ఎదురు కొసన పలచబడతాయి. అక్కడ ధనావేశం తేలుతుంది. పీటర్ పొలిట్జర్, టిమ్ క్లార్క్ బృందం 2007లో దానికి సిగ్మా రంధ్రం అని పేరు పెట్టింది. నైట్రోజన్ వచ్చి అతుక్కునేది అక్కడే, కాబట్టి కోణం 180 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. స్ఫటికాలు కట్టేవారికి బలం కంటే ఈ దిశే ముఖ్యం. అయోడిన్‌లో ఈ గుణం ఎక్కువ, బ్రోమిన్, క్లోరిన్‌లలో క్రమంగా తక్కువ, ఫ్లోరిన్‌లో దాదాపు ఉండదు.

ఈ దిశను పనిలో పెట్టినవారిలో మిలాన్‌కు చెందిన జుసెప్పే రెస్నాతి, పియెరాంజెలో మెత్రాంగోలో ముందున్నారు. రెండు కొసలా అయోడిన్ ఉండి, ఫ్లోరిన్‌తో కూడిన అణువులను, రెండు కొసలా నైట్రోజన్ ఉన్న అణువులతో కలిపితే చాలు, ద్రావణంలోంచి పొడవాటి గొలుసుల స్ఫటికాలు వచ్చాయి. ఇది స్ఫటికాలకే పరిమితం కాదు. మన ఒంట్లోని థైరాక్సిన్ హార్మోన్‌లో నాలుగు అయోడిన్ పరమాణువులున్నాయి. అది ప్రొటీన్‌కు అతుక్కునేచోటా ఇలాంటి దగ్గరి స్పర్శలే కనిపించాయి.

2013లో రసాయనశాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ ఈ ఆకర్షణకు, అంటే హాలోజన్ బంధానికి, అధికారిక నిర్వచనం ఇచ్చింది. ఆ పత్రంలో మొదటి పేరు దేశిరాజుది. 2021లో చెక్ శాస్త్రవేత్తలు అతి సన్నని సూదిమొనతో అణువులను తడిమి సిగ్మా రంధ్రాన్ని బొమ్మగా చూపించారు. బ్రోమిన్ ఉన్న అణువులో అది కనిపించింది. బ్రోమిన్ స్థానంలో ఫ్లోరిన్ ఉన్న అణువులో కనిపించలేదు.