షోకేసులో బొబ్బిలి వీణ

బొబ్బిలి వీణను కొనేవాళ్లు రెండుసార్లు మారారు. మొదట సంస్థానం, ఆ తర్వాత సంగీతం నేర్చుకునేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా సన్మానాలు చేసేవాళ్లు. కొనే చెయ్యి మారినప్పుడల్లా వీణ ఖరీదుతోపాటు దాన్ని చేసే పని కూడా మారుతూ వచ్చింది.

బొబ్బిలి అనగానే అందరికీ 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఆ సంస్థానం నీడలోనే పెరిగిన వీణ పని గురించి అంతగా చెప్పుకోరు. 17వ శతాబ్దంలో తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో వీణ 24 మెట్లతో ఒక స్థిరమైన రూపానికి వచ్చిందంటారు. ఆ రూపాన్ని ఒకే పనస దుంగలోంచి తొలిచి తీయడం బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలకు వంశపారంపర్యమైంది. కుండ, దండి, మెడ విడివిడిగా చేసి అతికించకుండా అంతా ఒకే కర్రలో ఉంటే దాన్ని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలికి పేరు తెచ్చింది అదే.

1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణ దాసు మొదటి అధ్యక్షులు. ఆస్థాన వైణికులు వీణ వెంకటరమణ దాసు పేరు అప్పటికే ఈ ప్రాంతమంతా తెలుసు. కోటలో ఉన్న వీణ మధ్యతరగతి ఇంటి నట్టింట్లోకి రావడానికి ఇలాంటి కళాశాలలు దారి వేశాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేశాక సంస్థానాల పోషణ ఎలాగూ తరిగిపోయింది. అప్పటినుంచి పనివాళ్లకు దిక్కు, వీణ నేర్చుకునే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ.

అసలు పని ఎక్కడుందో చూస్తేగానీ ఖరీదు సంగతి అర్థం కాదు. బాడిసతో, ఉలితో దుంగను తొలిచి కుండ పల్చన చేయడం కళ్లకు కనిపించే కష్టం. కనిపించనిది ఆ తర్వాతే ఉంది. మైనంలో మసి కలిపి కరిగించి, దండి మీద రెండు గట్లుగా కడతారు. వాటి మీద మెట్లు ఒక్కొక్కటే నిలబెడతారు. తీగ మీటి వింటారు, మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు, మళ్లీ మీటుతారు. ఇలా 24 మెట్లూ కుదరాలి. కొలబద్ద ఉజ్జాయింపుగా చోటు చూపిస్తుందేమో గానీ, తేల్చాల్సింది చెవి. పైగా ఆ మైనం ఎండలకు మెత్తబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. అందుకే వీణకు మళ్లీ మళ్లీ మెట్లు కట్టించాలి. అమ్మమ్మ నాటి వీణ అని మనం మురిసిపోయేదానిలో తీగలు కొత్తవి, మైనం కొత్తది. పాతదల్లా కర్రే.

షోకేసులో పెట్టుకునే చిన్న వీణ వచ్చింది, సన్మానాలు చేసేవాళ్లు కొనే ఈ మూడో దశలోనే. అడుగు, రెండడుగుల పొడవు, యాళి (సింహంలాంటి కల్పిత మృగం) ముఖం, మెరుగు, అద్దాల పెట్టె. సభలో శాలువాతోపాటు చేతిలో పెట్టడానికి ఇంతకన్నా అందమైనది ఉత్తరాంధ్రలో దొరకదు. మోగే వీణ ఖరీదు వేలల్లో ఉంటే దీనిది వందల్లో మొదలవుతుంది. ఏళ్లు ముదిరిన పెద్ద పనస చెట్టు అక్కర్లేదు, చిన్న ముక్క చాలు. నిజం చెప్పాలంటే, దీన్ని బొమ్మ అని తీసిపారేయడం పొట్ట నిండినవాళ్ల మాట. ఇప్పుడు పనివాడి ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నది ఇదే.

ఇలాంటి నకళ్లు వస్తే అసలైనదాని ధర పడిపోవాలి కదా? అమెరికాలో పిన్‌బాల్ (లోహపు గుండుతో ఆడే ఆట) యంత్రాల విషయంలో అలాగే జరిగింది. విలియమ్స్ సంస్థ 1997లో తెచ్చిన ‘మెడీవల్ మ్యాడ్‌నెస్’ ఆట యంత్రాలు సుమారు 4,000 మాత్రమే తయారయ్యాయి. 1999లో ఆ సంస్థ పిన్‌బాల్ చేయడమే మానేసింది. సేకరించేవాళ్లు ఎగబడటంతో పాత యంత్రం 10,000 డాలర్లు దాటింది. ఆ తర్వాత షికాగో గేమింగ్ కంపెనీ లైసెన్సు తీసుకుని, అదే ఆటను 2015 నుంచి సుమారు 8,000 డాలర్లకు మళ్లీ తయారుచేసి అమ్మింది. పాతవాటి ధరకు కళ్లెం పడింది. ఎందుకంటే కొత్త యంత్రం పాతది చేసే పనంతా చేస్తుంది, పైగా రిపేర్ల బాధ తక్కువ. ఆడుకోవడానికి కొనేవాడు కొత్తది తీసుకుంటాడు. పాతదాన్ని పాతది కాబట్టే కోరుకునేవాళ్లు కొద్దిమందే మిగులుతారు.

షోకేసు వీణ ఆ పని చేయలేదు. అది మోగదు, కాబట్టి మోగే వీణకు పోటీ కాదు. పోటీ మాటకొస్తే బెంగళూరు రాడెల్ సంస్థ తయారుచేసే ఎలక్ట్రానిక్ వీణ ఉంది. దానికి మైనం గొడవ లేదు. అమెరికాలో పిల్లలకు వీణ నేర్పించే తెలుగు కుటుంబానికి పెద్ద వీణను విమానంలో తీసుకెళ్లడం ఎంత తంటాయో తెలుసు కాబట్టి అలాంటి వాద్యం నచ్చుతుంది. దానివల్ల తగ్గేది కొత్త మామూలు వీణల గిరాకీయే. బాగా ఆరి, దశాబ్దాలు మోగిన ఏకాండి కర్ర కోసం వెతికే వైణికుడు దాని దగ్గర ఆగడు.

నా దృష్టిలో చిన్న వీణ దెబ్బ ధర మీద కాదు, చేతి మీద పడింది. షోకేసు వీణకు మెట్లు వరసగా కనిపిస్తే చాలు, శ్రుతిలో ఉండనక్కర్లేదు. యాళి చెక్కడంలో ఆరితేరిన కుర్రాడికి తీగ మీటి మెట్టు జరపాల్సిన అవసరమే రాకపోవచ్చు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చి పదేళ్లు దాటింది. ఆ పేరు పెట్టుకునే హక్కు ఎవరిదో ఆ గుర్తింపు చెబుతుంది గానీ, మెట్లు కట్టగల చెవి తర్వాతి తరానికి అందేలా చూడటం దాని పని కాదు.

ఇంట్లో పాత వీణ ఉన్నవాళ్లు దాన్ని అమ్మితే ఎంతొస్తుందని అడుగుతుంటారు. కుండ పగలకుండా, దండి వంగకుండా ఉంటే కర్రకు ఎప్పుడూ విలువుంది. కానీ కొనేవాడు ముందుగా ఆరా తీసేది మెట్లు కట్టే మనిషి దగ్గర్లో ఉన్నాడా అనే. అతను లేకపోతే ఎంత పాత ఏకాండి అయినా అద్దాల పెట్టెలోకే వెళ్తుంది.