కారులో ‘ఎర్త్’ ఎక్కడుంది?

వినుకొండలో మా బాబాయి కారు హెడ్‌లైట్లు బాగా డల్ అయిపోయాయి. రాత్రి నరసరావుపేట రోడ్డు మీద గేదె కనపడక గుద్దేసేవాళ్లమే. దాంతో ఆన్‌లైన్‌లో గ్రౌండింగ్ కిట్ తెప్పించా. మెకానిక్ అన్న నవ్వి, “ముందు పాత ఎర్త్ వైరు చూద్దాం తమ్ముడూ” అన్నాడు.

అసలు టైర్లు రబ్బరువి, కారు నేలకి తగలదు. మరి ‘ఎర్త్’ ఏంటి? అది టెలిగ్రాఫ్ కాలం నాటి మాట. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్, కరెంటు తిరిగి రావడానికి రెండో తీగ అక్కర్లేదు, నేలే చాలని చూపించాడు. సగం తీగ ఆదా! కార్లలో నేల బదులు ఇనప బాడీని వాడారు. పేరు మాత్రం ఉండిపోయింది.

ఇంకో తమాషా. పాత బ్రిటిష్ కార్లలో బాడీకి బ్యాటరీ ప్లస్ కలిపేవాళ్లు. మన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా అంతే. ఆల్టర్నేటర్లు వచ్చాక, 1960ల్లో మైనస్‌కి మారారు. అలాంటి పాత బండికి తెలీక ఇప్పటి స్టీరియో తగిలిస్తే కాలిపోద్ది.

ఈ కిట్ల పిచ్చి 2000 ప్రాంతంలో జపాన్ ట్యూనింగ్ షాపుల్లో ఊపందుకుంది. పవర్ పెరుగుద్దన్నారు. వైరింగ్ బాగున్న బండికి పెరుగుద్దంటే నేనైతే నమ్మను.

బాబాయి బండికి లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి బాడీకి పెట్టాం. 0.2 వోల్టులు దాటకూడదు. 0.9 చూపించింది! బోల్టు కింద అంతా తుప్పు. ఎమెరీ పేపర్‌తో రుద్ది బిగిస్తే 0.1కి దిగింది, లైట్లు తెల్లగా వెలిగాయి.

కిట్ ఇంకా డబ్బాలోనే ఉంది. రిటర్న్ డేట్ కూడా అయిపోయింది.